కిమ్మనని ఐదో నంబరు

పొలం సెన్సర్ల కంపెనీ వారికి,

అయ్యా, నమస్కారం. నేను టమాటాలు పండిస్తాను. మా తోటలో మీ సెన్సర్లు ఎనిమిది ఉన్నాయి. మొక్కల మొదట్లో గుచ్చితే నేలలో తడి ఎంతుందో చూసి, తీగ లేకుండానే గాలిలో కబురు పంపుతాయనీ, షెడ్డు గోడకు బిగించిన పెట్టె ఆ కబురు విని నా ఫోనుకు చేరవేస్తుందనీ, కుర్చీలోంచి కదలకుండానే ఏ సాలుకు నీళ్లు పెట్టాలో తెలుసుకోవచ్చనీ మీ మనిషి వచ్చి చెప్పాడు. ఆ మాట నాకన్నా ముందు నా మోకాళ్లు నమ్మాయి. నలభై సాళ్ల వెంట వంగి వంగి మట్టి పిసికి చూడటం ఇక వాటి వల్ల కాదు.

పెట్టె మీద "బ్యాటరీ రెండేళ్లు" అని రాసుంది. పదకొండో రోజుకే ఏడు సెన్సర్లకు నోరు పడిపోయింది. బజార్లో బ్యాటరీల దుకాణం ఆయన్ని బతిమాలి పిలుచుకొస్తే, బ్యాటరీకి నేరుగా తగిలేటట్టు డబ్బాలకు బయట ఉన్న రెండు ఇత్తడి చుక్కలకు మీటరు తగిలించి చూశాడు. ఏడింటిలో చుక్క కరెంటు లేదన్నాడు. ఐదో నంబరు మాత్రం నిండుగా ఉందట. "ఇది నిన్న పుట్టినట్టుందమ్మా" అన్నాడు. కానీ అది కూడా ఫోన్లో ఏమీ చెప్పదు. గుచ్చిన రోజు నుంచీ కిమ్మనలేదు.

విప్పి చూద్దామంటే మూతల మీద ఎర్ర ముద్రలున్నాయి, "ముద్ర చింపితే హామీ చెల్లదు" అని. హామీ ఉండబట్టి వస్తువు బాగుచేసుకోలేకపోవడం నాకు ఇదే మొదటిసారి.

మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని ఒకావిడ చెబుతూనే ఉంది. తొమ్మిది దాకా నొక్కాను. అప్పుడు మళ్లీ ఒకటి నొక్కమంది. అందుకే ఈ ఉత్తరం.

మాకు నీళ్ల వంతు వారానికి రెండు రోజులే. ఎక్కువైతే కాయ పగులుతుంది, తక్కువైతే పూత రాలుతుంది. త్వరగా ఏదో ఒకటి తేల్చండి.

ఇట్లు,
టమాటా తోట ఆవిడ

తా.క.: మా ఆయన బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. "ఉత్తరం కాస్త మర్యాదగా రాయి" అన్నారు. పైదంతా మర్యాదగా రాసిందే.

* * *

గౌరవనీయులైన వినియోగదారుడు గారికి,

మా ఐదో నంబరు సెన్సరు పనితీరును ప్రశంసిస్తూ తమరు రాసిన లేఖ అందినది. ధన్యవాదములు. ఇటువంటి ప్రోత్సాహమే మా సంస్థకు ఊపిరి.

మిగతా ఏడు సెన్సర్ల విషయమై మా విద్యుత్ పొదుపు విభాగం లోతుగా పరిశీలన జరిపింది. నేలలో తడిని కొలవడానికి సెన్సరుకు అయ్యే కరెంటు బహు స్వల్పం. కొలిచిన సంగతి బయటికి చెప్పడానికే దాని శక్తంతా ఖర్చవుతుంది. (మనుషులు కూడా ఇంతేననీ, మితంగా మాట్లాడాలనీ మా డైరెక్టరు గారు సమావేశంలో రెండు గంటలసేపు బోధించారు.) కావున నిమిషానికొకసారి మాట్లాడుతున్న సెన్సర్లు ఇకపై గంటకొకసారి మాత్రమే మాట్లాడేటట్లు ఏర్పాటు చేశాం. ఏడు కొత్త బ్యాటరీలు, ఏడు ముద్రలు చింపుకోవడానికి అనుమతి పత్రం జతచేయడమైనది.

ఐదో నంబరు ముద్రను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చింపరాదు.

తమ విధేయుడు,
సహాయకుడు, ఉత్తర ప్రత్యుత్తరాల విభాగం

తా.క.: ఇక్కడి నుంచి నా సొంత దస్తూరీ అండీ. మీ ఉత్తరం మా గదిలో అందరం చదువుకున్నాం. హామీ గురించి మీరు రాసిన వాక్యాన్ని ఒకాయన తన సొరుగులో అతికించుకున్నాడు. డైరెక్టరు గారు మాత్రం "ఐదో నంబరు నిండుగా ఉందట" అన్నచోట ఆగి, బల్ల చరిచి లేచారు. అది కిమ్మనలేదన్న వాక్యం ఆయనింకా చదవలేదు. చదువుతారని నాకు నమ్మకమూ లేదు.

* * *

ఉత్తరాల విభాగం సహాయకుడు గారికి,

నమస్కారం. మొదటి సంగతి, నేను వినియోగదారుణ్ణి కాను, ఆడమనిషిని. రెండో సంగతి, నేను ఎవర్నీ ప్రశంసించలేదు. మా ఇంట్లో వాళ్లనే ప్రశంసించే అలవాటు లేదు నాకు, ఇక డబ్బాను ప్రశంసిస్తానా?

మీ బ్యాటరీలు వేశాం. గంటకొకసారి కబురు వచ్చింది. ఓ వారం రోజులు నేను కుర్చీలో కూర్చుని మహారాణిలా నీళ్లు పెట్టాను. ఇరవై రెండో రోజుకు మళ్లీ మొదటికొచ్చింది. అయితే ఈసారి ఒక విడ్డూరం చూశాను. షెడ్డుకు దగ్గరగా ఉన్న ఒకటి, రెండు నంబర్లలో ఇంకా సగం కరెంటు ఉంది. తోట మధ్యలో, ఆకు దట్టంగా ఉన్నచోట గుచ్చిన ఆరు, ఏడు, ఎనిమిది మాత్రం ముందే చచ్చాయి. అన్నీ మాట్లాడింది గంటకొకసారేగా? మరి కొన్నింటికి ఆయుష్షు, కొన్నింటికి అల్పాయుష్షు ఎందుకో మీ విభాగం వారిని అడగండి.

ఇక ఐదో నంబరు. మీటరు పెడితే నిండుకుండ. ఫోన్లో దాని గడిలో ఇప్పుడు "మార్పు లేదు" అని వస్తోంది. నీళ్లు పెట్టినప్పుడూ మార్పు లేదు. ఎండకు నేల పగిలినప్పుడూ మార్పు లేదు. మొన్న వాన పడి చెప్పులు బురదలో దిగబడిపోతుంటే కూడా మార్పు లేదు. అసలది బతికుందా, లేదా? ఆ ఒక్క మాట చెప్పండి.

ఇట్లు,
టమాటా తోట ఆవిడ

తా.క.: మా ఆయన అంటారు, టికెట్టు కొట్టని కండక్టరుకు చెయ్యి నొప్పి పుట్టదట. సాయంత్రం దాకా తాజాగా ఉంటాడట. మీ ఐదో నంబరు ఆ బాపతేమో చూడమన్నారు.

* * *

గౌరవనీయులైన ఆడమనిషి గారికి,

తమ రెండవ ప్రశంసా లేఖ అందినది.

ఐదో నంబరు సెన్సరు నెల దాటినా పిసరంత కరెంటు వాడకపోవడం మా సంస్థ చరిత్రలోనే అపూర్వం. దాని రహస్యం ఛేదించడానికి డైరెక్టరు గారి అధ్యక్షతన పదకొండు మందితో "ఐదో నంబరు అధ్యయన సంఘం" ఏర్పాటైనది. అది బతికుందా అని తమరు అడిగారు. సంఘం అభిప్రాయం ప్రకారం, చెప్పవలసింది లేనప్పుడు చెప్పకుండా ఉండటమే అసలైన బతుకు. చెప్పలేదంటే మార్పు లేదనీ, మార్పు లేదంటే అంతా క్షేమమనీ అర్థం.

ఈ సూత్రాన్ని మిగతా ఏడు సెన్సర్లకూ వర్తింపజేస్తున్నాం. ఇకపై అవి గంటగంటకూ నోరు విప్పవు. మార్పు ఉంటేనే మాట్లాడతాయి. బ్యాటరీలు పంపుతున్నాం.

ఈ కింది ప్రశ్నలకు వెంటనే జవాబులు పంపగలరు. ఐదో నంబరు ఉన్నచోట నేల రంగు ఏమి? నీడ ఎంతసేపు ఉంటుంది? చుట్టుపక్కల ఏయే శబ్దములు వినవచ్చును? దానితో ఎవరైనా ప్రత్యేక ఆప్యాయతతో మెలగుచున్నారా?

తమ విధేయుడు,
సహాయకుడు, ఉత్తర ప్రత్యుత్తరాల విభాగం

తా.క.: "ఆడమనిషి గారికి" అని రాసింది నేను కాదండీ, కంప్యూటరు. మీ ఉత్తరంలోంచి మాట తీసుకుని దానంతటదే దిద్దుకుంది. ప్రశ్నలకు కోపం తెచ్చుకోకుండా ఏదో ఒకటి రాసి పంపండి. చివరి ప్రశ్న దగ్గర సంఘంలో ఓటింగు జరిగింది. ఇంకొక్క మాట. ఆ ఎర్ర ముద్ర జోలికి మాత్రం వెళ్లకండమ్మా. నా మాట వినండి.

* * *

సహాయకుడు గారికి,

నమస్కారం. అడిగారు కాబట్టి చెబుతున్నాను.

నేల రంగు మట్టి రంగు. నీడ, పైన రేకు ఉంది కాబట్టి రోజంతా. ఆప్యాయత, ఎవరికీ లేదు.

శబ్దాలు. ఇది ఒక్క మాటలో తేలేది కాదు. ఆ రేకు కింద మా అత్తగారు కూర్చుంటారు. ఎనభై ఒకటో ఏడు. కాయలు ఏరుతూ, పుచ్చులు పక్కన పడేస్తూ, పొద్దున కూర్చున్నప్పటి నుంచి సాయంత్రం లేచేదాకా మాట్లాడుతూనే ఉంటారు. వినేవాళ్లు ఉండి తీరాలన్న పట్టింపు లేదు. ఆవిడ మొదలుపెట్టిన మాటకు అడ్డు తగిలి గెలిచినవాళ్లు మా వంశంలో లేరు. ఐదో నంబరు ఆవిడ కాలి దగ్గరే ఉంది. మీరేమో దాని మౌనం వింత అంటున్నారు. నలభై ఏళ్లుగా ఆవిడ పక్కన నేను కూడా ఐదో నంబరునే.

ఇప్పుడు మా ఆయన చెప్పమన్నది శ్రద్ధగా వినండి. ముప్పై ఏళ్లు బస్సులో అరిచిన మనిషి మాట ఇది. "ఖాళీ బస్సులో 'టికెట్' అని మెల్లగా అన్నా చివరి సీటుదాకా వినపడుతుంది. కిక్కిరిసిన బస్సులో పదిసార్లు అరిస్తే గానీ ఒకసారి వినపడదు. సాయంత్రానికి గొంతు పోయేది నాకు. మీ సెన్సర్లు గుచ్చిననాడు మొక్కలు జానెడున్నాయి, బస్సు ఖాళీ. ఇప్పుడు నా ఛాతీ దాకా ఎదిగాయి, బస్సు కిటకిట. షెడ్డు గోడ మీద పెట్టె ఏమో నడుమెత్తులో ఉంది. పాపం అవి గంటకొకసారి మాట్లాడటం లేదయ్యా, గంటకొకసారి పెట్టెకు వినపడేదాకా అరుస్తున్నాయి. మాట తగ్గించమంటారేమిటి? వినేవాణ్ణి కాస్త ఎత్తున కూర్చోబెట్టండి."

నాకు ఇందులో తప్పేమీ కనపడలేదు. ఆకు దట్టంగా ఉన్నచోటివే ముందు చచ్చాయని నేను కూడా రాశాను కదా. పెట్టెను పైకి ఎత్తుకోవచ్చా, లేక దానికీ ముద్ర ఉందా?

ఇట్లు,
టమాటా తోట ఆవిడ

తా.క.: మార్పు ఉంటేనే మాట్లాడమన్నారట, ఇప్పుడు ఎనిమిది గళ్లలోనూ "మార్పు లేదు". ఫోను చూస్తే మనసుకు ఎంతో హాయిగా ఉంది. తోటలోకి వెళ్తే లేదు.

* * *

గౌరవనీయులైన అమ్మగారికి,

తమరు పంపిన అమూల్య సమాచారం సంఘంలో పెను సంచలనం కలిగించినది. నిరంతర సంభాషణ వినవచ్చు ప్రదేశంలో సెన్సరు తన విద్యుత్తును పూర్తిగా ఆదా చేసుకొనుచున్నదని తొమ్మిది మంది సభ్యులు అభిప్రాయపడ్డారు. మిగతా ఇద్దరికీ అత్తగార్లు లేరు.

కావున తమ అత్తగారిని రోజుకు రెండు గంటల చొప్పున మిగతా ఏడు సెన్సర్ల వద్ద విడతలవారీగా కూర్చోబెట్టగలరు. మాటల మధ్య విరామం పావు నిమిషం మించకుండా చూడగలరు. కుర్చీ తమరే సమకూర్చుకోవలెను.

తమ భర్త గారు బస్సు సౌకర్యం కోరిన సంగతి సంఘం దృష్టికి వచ్చినది. మా సంస్థ రవాణా సౌకర్యం కల్పించజాలదని తెలియజేయుటకు చింతిస్తున్నాం.

మరొక శుభవార్త. ఇకపై సెన్సర్లు ప్రతి చిన్న మార్పుకూ మాట్లాడవు. ముఖ్యమైన మార్పుకే మాట్లాడతాయి. ఏది ముఖ్యమో నెలకొకసారి సమావేశంలో నిర్ణయించబడును.

తమ విధేయుడు,
సహాయకుడు, ఉత్తర ప్రత్యుత్తరాల విభాగం

తా.క.: అమ్మా, పైదంతా నేను టైపు చేసిందే, కానీ నేను అన్నది కాదు. మీ ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కింది అంతస్తులో సెన్సర్లు తయారుచేసే ఇంజనీరమ్మను అడిగాను. ఆకుల్లో నీళ్లుంటాయి, గాలిలో పోయే కబురును ఆ నీళ్లు మింగేస్తాయి, జవాబు రాకపోతే సెన్సరు మళ్లీ మళ్లీ పంపుతుంది, బ్యాటరీ అక్కడే పోతుంది అంది. ఆవిడ ఈ మాట రెండేళ్లుగా చెబుతోందట. సంఘంలో ఆవిడకు చోటు లేదు. పెట్టెకు ముద్ర లేదు. ఆకుల పైకి వచ్చేటట్టు ఎత్తించండి. నేను చెప్పానని మాత్రం రాయకండి. ఇక్కడ పనికిమాలిన సలహాకు ఒక సంతకం చాలు, పనికొచ్చేదానికి నాలుగు కావాలి.

* * *

సహాయకుడు గారికి,

ఈసారి నమస్కారం పెట్టే ఓపిక లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మీ ఉత్తరం మా అత్తగారికి చదివి వినిపించాను. నవ్వుతారనుకున్నాను. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, ఉత్తరాన్ని చేతిలోకి తీసుకుని, "ఇన్నేళ్లకు ఒక ఆఫీసుకు నా మాట విలువ తెలిసింది" అన్నారు. తెల్లారగానే ఉతికిన చీర కట్టుకుని, కుర్చీ తెమ్మన్నారు. ఒకటో నంబరు దగ్గర తన చిన్నతనం చెప్పారు. రెండు, మూడు, నాలుగు దగ్గర తన తోడికోడళ్ల సంగతులు. ఆరో నంబరు దగ్గర మూడు రోజులపాటు నా సంగతులు. నేను దూరంగా కలుపు తీసుకుంటూ అన్నీ విన్నాను.

ఏడో నంబరు దగ్గర కూర్చున్న రోజు ఆవిడ ఉన్నట్టుండి మాట ఆపేశారు. నలభై ఏళ్లలో అట్లా ఆపడం నేను ఎరగను. కలుపు వదిలేసి పరుగెత్తాను.

"ఏమైంది అత్తయ్యా?"

"నాకేం కాలేదు. ఈ మొక్కలు చూడు, తల వేలాడేశాయి. నీళ్లు ఎప్పుడు పెట్టావు?"

"మొన్ననే పెట్టాను. ఫోన్లో మార్పు లేదనే ఉంది."

"ఫోనుకు నీళ్లు పెట్టావా, మొక్కకు పెట్టావా? వంగి చూడు."

వంగి మట్టి తీశాను. పొడి. వేలి సందుల్లోంచి ఇసుకలా జారిపోయింది. నీటి గొట్టంలో మట్టి అడ్డుపడి మూడు సాళ్లకు చుక్క అందలేదు. ఎన్ని రోజుల నుంచో తెలియదు. ఏడో నంబరుకు తెలుసు. మీ సంఘం వారి లెక్కలో అది ముఖ్యమైన మార్పు కాదు కాబట్టి అది చెప్పలేదు. గొట్టం బాగుచేసి రెండు రోజులు నీళ్లు పెట్టి చూశాం. తేరుకోలేదు. నిండా పూత మీదున్న మొక్కలు. నా చేతులతోనే పీకి గట్టున పడేశాను. మా ఆయన ఒక్కో మొక్కా ఎత్తి పక్కన పెట్టారు. ఇది మీ సమావేశంలో చదవండి.

ఆ సాయంత్రమే ఆయన నిచ్చెన వేసుకుని, పాత ఇనుప గొట్టం పాతి, పెట్టెను ఆకులకు బారెడు పైన కట్టారు. బస్సు టాపు ఎక్కి దిగిన మనిషి, వద్దంటే వినలేదు. సెన్సర్లు ఎంతసేపటికి మాట్లాడాలో మార్చుకునే మీట పెట్టె వెనకే ఉందని మీ పుస్తకంలో నలభై ఏడో పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. మళ్లీ గంటకొకసారి మాట్లాడేటట్టు తిప్పాం. మూడు వారాలైంది. దుకాణం ఆయన వచ్చి మీటరు పెట్టాడు. ఏడింటిలోనూ ముల్లు నిండు గీత నుంచి దిగీ దిగనట్టుంది. "ఇట్లాగైతే రెండేళ్లేం ఖర్మ, మూడేళ్లు లాగుతాయమ్మా" అన్నాడు. మీ పదకొండు మందికీ ఈ మాట చెప్పండి.

ఇక ఐదో నంబరు. అత్తగారు దాని ముందు కూర్చుని చేత్తో తట్టి చూశారు. "నోరు విప్పనివాళ్లు రెండు రకాలే అమ్మాయ్. తెలివైనవాళ్లు, నోట్లో గుడ్డ కుక్కబడ్డవాళ్లు. ఇది ఏ రకమో చూద్దాం, కత్తిపీట తే" అన్నారు. ముద్ర చింపింది ఆవిడే. లోపల బ్యాటరీకీ, అది ఆనాల్సిన రేకుకూ మధ్య పసుపుపచ్చ ప్లాస్టిక్ పట్టీ ఒకటి ఉంది. దాని మీద తాటికాయంత అక్షరాలతో "వాడే ముందు ఈ పట్టీ లాగివేయవలెను" అని అచ్చయి ఉంది. పట్టీని లోపల పెట్టి, మూత బిగించి, పైన ముద్ర వేసి, ముద్ర తీయొద్దని మాకు చెప్పారు!

పట్టీ లాగాను. నిమిషం తిరక్కుండా నా ఫోను మోగింది. ఐదో నంబరు మొదటి మాట, "తడి చాలదు."

ఇన్నాళ్లూ మీరు అధ్యయనం చేసింది సెన్సరును కాదు, ఒక ప్లాస్టిక్ ముక్కను. ఆ మూత బిగించినవాడెవడో కనుక్కోండి. వాడి చెవి ఒకసారి నా చేతికి దొరకాలి.

ఇట్లు,
మూడు సాళ్లు పోగొట్టుకున్న ఆవిడ

తా.క.: హామీ చెల్లదని తెలుసు. ఇప్పటిదాకా చెల్లిందేముంది గనక.

* * *

పిన్నిగారికి నమస్కారం,

ఇట్లా పిలవడానికి నాకు అర్హత లేదు. అయినా ఈ ఉత్తరం ఇంకోలా మొదలుపెట్టబుద్ధి కాలేదు. ఇది ఆఫీసు కాగితం కాదు, మా పాప నోటుపుస్తకంలో కాగితం. పైన మర్యాద, కింద నిజం అన్న ఏర్పాటు దీనికి లేదు. అంతా ఒకటే.

మీరు వెతుకుతున్న చెవి నాదే.

ఉత్తరాల విభాగానికి రాకముందు నేను ప్యాకింగు గదిలో పనిచేసేవాణ్ణి. పట్టీ లాగడం, మూత బిగించడం, ముద్ర వేయడం నా పని. మీ సెన్సర్లు కట్టిన రోజు మా ఆవిడ ఫోన్ చేసింది. పాపకు మొదటి పాలపన్ను ఊడింది. నవ్వుతూ ఏడుస్తోంది, ఏడుస్తూ నవ్వుతోంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఆ సంబరం వింటూ ఒక డబ్బా మూసేశాను. ఏదో మరిచిపోయానన్న గుబులు అప్పుడే పట్టుకుంది. ఏ డబ్బానో, ఎవరింటికి పోయిందో తెలియదు. ఆ మరుసటి నెల దస్తూరీ బాగుందని నన్ను ఉత్తరాలకు మార్చారు. మొట్టమొదట నా బల్ల మీదికి వచ్చిన ఉత్తరం మీదే.

చదవగానే తెలిసిపోయింది. చెబుదామని లేచేలోపు డైరెక్టరు గారు బల్ల చరిచారు. మీ రెండో ఉత్తరం వచ్చేసరికి సంఘం పుట్టింది. ఆ తర్వాత రోజురోజుకూ చెప్పడం కష్టమైంది. ముద్ర జోలికి వెళ్లకండని మిమ్మల్ని బతిమాలింది భయంతోనే. నేను రెండో రోజే నోరు విప్పి ఉంటే సంఘం లేదు, "ముఖ్యమైన మార్పు" లేదు, మీ మూడు సాళ్లు ఉండేవి. వాటిని మీరు చేతులతో పీకారన్న చోట నేను ఆగిపోయాను. ఆ రోజంతా ఇంకో ఉత్తరం ముట్టుకోలేదు.

ఒక జేబులో రాజీనామా, ఇంకో జేబులో మీ ఉత్తరం పెట్టుకుని డైరెక్టరు గారి గదిలోకి వెళ్లి, పూసగుచ్చినట్టు అంతా చెప్పాను. ఆయన కాగితం, కలం ముందుకు లాక్కున్నారు.

"పట్టీ ఉన్నంతకాలం కరెంటు ఖర్చు ఎంత?" అన్నారు.

"సున్నా సార్."

"పదకొండు మంది, మూడు నెలలు. సున్నా దరిదాపులకు కూడా రాలేకపోయారు. నువ్వు ఫోన్లో మాట్లాడుతూ సాధించావా?"

"సార్, అది తప్పు సార్. సెన్సరు పనిచేయలేదు సార్."

"అది వేరే విభాగం సంగతి. మనది విద్యుత్ పొదుపు విభాగం."

పిన్నిగారూ, నన్ను ఆ విభాగానికి అధిపతిని చేశారు. రెండు ఫ్యాన్ల గది ఇచ్చారు. ఆ పట్టీకి "శక్తి సంరక్షక పట్టీ" అని పేరు పెట్టి, ఇకపై ప్రతి సెన్సరులోనూ ఉంచాలనీ, రైతులు ముట్టుకోకూడదనీ ఉత్తర్వు తయారుచేయమన్నారు. వేల తోటలకు పోయే ఉత్తర్వు. రాజీనామా కాగితం చేతిలోనే ఉంది. ఇచ్చి వచ్చేస్తే నా మనసుకు బాగుండేది. కానీ నా కుర్చీలో ఇంకొకడు కూర్చుని ఆ ఉత్తర్వు ఉన్నదున్నట్టు రాసేస్తాడు. అందుకని కూర్చుని నేనే రాశాను. అందులో ముఖ్యమైన భాగం మీకు నకలు రాస్తున్నాను.

"శక్తి సంరక్షక పట్టీ మిక్కిలి విలువైనది. ఎండకూ మట్టికీ అది పాడుకాకుండా, సెన్సరును నేలలో గుచ్చడానికి ముందే ముద్ర చింపి పట్టీని బయటికి లాగి, రైతు ఇంట్లో పొడిగా ఉన్నచోట భద్రపరచవలెను. పట్టీ ప్రభావం తోటంతటా ప్రసరించుటకు గాను, వినే పెట్టెను పంట ఆకులకన్నా బారెడు ఎత్తున, సంస్థ ఉచితంగా పంపే స్తంభంపై నిలపవలెను. సెన్సర్లు గంటకొకసారి తప్పక మాట్లాడవలెను, లేనిచో పట్టీ అలుగును."

చివరి వాక్యం కొంచెం ఎక్కువైందేమోనని భయపడ్డాను. డైరెక్టరు గారు దానికిందే గీత గీసి, "శాస్త్రీయంగా ఉంది" అని రాసి సంతకం పెట్టారు. స్తంభం ఎత్తు లెక్క కట్టింది కింది అంతస్తు ఇంజనీరమ్మ. ఉత్తర్వు చదివి ఆవిడ ముందు తల పట్టుకుంది, తర్వాత కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఇప్పుడు నా విభాగంలోనే ఉంది. మొన్నటి దాకా స్తంభాలు నాలుగు వందల తోటలకు చేరాయి. ఒక్క బ్యాటరీ ఫిర్యాదు కూడా రాలేదు. ఘనత పట్టీదేనని డైరెక్టరు గారు ఊరూరా ఉపన్యాసాలు ఇస్తున్నారు. ఇవ్వనివ్వండి.

మీ మూడు సాళ్లు మాత్రం ఏ ఉత్తర్వుతోనూ తిరిగి రావు. ఆదివారం టమాటా నారు తీసుకుని వస్తున్నాను. గుంతలు నేనే తీస్తాను, మీరు వంగొద్దు. మీ అత్తగారు పక్కన కూర్చుని ఎంతసేపు మాట్లాడినా వింటాను. చెవి సంగతి మీరు, బాబాయిగారు కలిసి ఎట్లా తేలిస్తే అట్లా.

ఇట్లు,
మీ
ప్యాకింగు గది వాడు

తా.క.: ఆఫీసు హాల్లో అద్దాల పెట్టె చేయించారు. అందులో పెట్టడానికి ఐదో నంబరులోని అసలు పట్టీయే కావాలని డైరెక్టరు గారు పట్టుబట్టారు. మీరు పారేసి ఉంటే కంగారు పడకండి. ఉత్తర్వుకు ముందు లాగేసినవి ప్యాకింగు గది చెత్తబుట్టలో ఇంకా రెండు వందలు ఉన్నాయి. నేను ఒకటి తెస్తాను, మీరు కాస్త మట్టి పూసి ఇవ్వండి చాలు.